తూములపాడు సబ్‌డివిజన్ అనే దేశం

మా తూములపాడు నీటిపారుదల సబ్‌డివిజన్ ఆఫీసు దేశంగా మారిన రోజున నేను సెలవులో ఉన్నాను. అందుకే నన్ను ప్రతిపక్ష నాయకుణ్ణి చేశారు. మర్నాడు వచ్చి ఇదేమిటండీ అని అడిగితే, "చూశావా అనంతం, రాగానే ప్రశ్నించావు. ఆ పదవికి నీకన్నా తగినవాడు లేడు" అన్నారు మా డి.ఇ. రామభద్రరాజు గారు. సీనియర్ అసిస్టెంటుగా ఇన్నేళ్ళు పనిచేసినా నన్నెవరూ అంత మెచ్చుకోలేదు, కాబట్టి ఒప్పుకున్నాను.

సంగతేమిటంటే, పైన ఎక్కడో ఒక పెద్దాయన ప్రపంచ ప్రభుత్వాల తీరు పరిశీలించడానికి విదేశాలు తిరిగొచ్చారు. విదేశాలు వెళ్ళినవాళ్ళు కొందరు చాక్లెట్లు తెస్తారు, కొందరు సెంటు సీసాలు తెస్తారు. ఈయన సర్క్యులర్ తెచ్చారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి కార్యాలయమూ ఒక దేశమే. ప్రతి కార్యాలయాధిపతీ ఒక ప్రభుత్వాధినేతే. ప్రపంచమునందలి ఉత్తమ పరిపాలనా పద్ధతులను తక్షణమే అమలుపరచి పక్షమునకొకసారి నివేదిక పంపవలెను." దానికి తోడు ఒక లావుపాటి కరదీపిక. ఏ దేశానికి రాజున్నాడు, ఏ దేశానికి రాజ్యాంగం ఒక్కచోట రాసిలేదు, ఏ దేశంలో ఇద్దరేసి అధినేతలు ఆర్నెల్లకోసారి మారిపోతుంటారు, అన్నీ అందులో ఉన్నాయి. కాలువలో నీళ్ళు వదలడం గురించి మాత్రం ఏ పేజీలోనూ లేదు.

రాజుగారు మంచివారే. చిన్నప్పట్నుంచీ ఆయనకు జనరల్ నాలెడ్జి అంటే ప్రాణం. ఏ దేశానికి ఏది రాజధాని, ఏ పార్లమెంటుకు ఏం పేరు అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ విద్యంతా కాలువ గట్ల మీద వృథాగా పోయింది పాపం. కరదీపిక చేతికందిన రోజు ఆయన మొహంలో వెలుగు చూసి, పోన్లే ఆయనకూ ఒక పండగ అనుకున్నాం.

ఆయన ప్రధానమంత్రి. టైపిస్టు సుభాషిణి గారు స్పీకరు. బ్రిటన్‌లో కొత్త స్పీకర్ని కుర్చీ దాకా లాక్కెళ్ళాలట. పూర్వం ఆ కుర్చీ ఎక్కితే ఆ దేశపు రాజు తల తీసేవాడని ఎవరూ ఇష్టపడేవారు కాదట. సుభాషిణి గారు అది తెలియక సంతోషంగా వెళ్ళి కూర్చున్నారు. ఆవిణ్ణి లేపి, వాకిలి దాకా నడిపించి, ఇద్దరు అటెండర్లు మళ్ళీ లాక్కొచ్చి కూర్చోబెట్టారు. చేతిలో సుత్తి బదులు ఆఫీసు రబ్బరు స్టాంపు. "ఆర్డర్, ఆర్డర్" అని బల్ల మీద కొట్టినప్పుడల్లా బల్లంతా మా ఆఫీసు ముద్రలే.

ఇక దావీదు. ఇతను లస్కరు, అంటే కాలువ షట్టర్లు ఎత్తి దించేవాడు. ఇదివరకైతే రాజుగారు వరండాలో నిలబడి "దావీదూ, కొస షట్టరు ఎత్తరా!" అని కేకేసేవారు. దావీదు సైకిలెక్కి వెళ్ళి చక్రం తిప్పేవాడు. అదీ మా పరిపాలన. దాన్ని చూస్తే కరదీపిక రాసినవారికి కళ్ళు తిరిగేవి. చట్టం చేసేవాడు, అమలు చేసేవాడు, తీర్పు చెప్పేవాడు వేరువేరుగా ఉండాలి కదా.

"దావీదూ, ఇవాళ్టి నుంచి నువ్వు కార్యనిర్వాహక శాఖవి. శాసనశాఖ ఆమోదం లేనిదే నువ్వు షట్టరు ముట్టుకోకూడదు" అన్నారు రాజుగారు.

"అంటే జీతం పెరుగుద్దాండి?"

"గౌరవం పెరుగుతుంది."

"ఆయ్" అన్నాడు దావీదు. ఆ ఆయ్‌లో సంతోషం ఏమీ కనపడలేదు నాకు.

సరిగ్గా అప్పుడే వచ్చింది రాఘవమ్మ.

రాఘవమ్మది కొసపాలెం. మా కాలువకు చిట్టచివర ఊరు. కాలువలో వచ్చే నీళ్ళు పై ఊళ్ళవాళ్ళంతా తాగి, తడిపి, గేదెల్ని కడిగాక ఏమన్నా మిగిలితే కొసపాలేనికి చేరతాయి. పై తూములు మూసి, రెండు రోజులు నీళ్ళన్నీ కిందికి వదిలితేనే ఆ ఊరి చేలు తడుస్తాయి. రాఘవమ్మ రెండెకరాలు కౌలుకు తీసుకుని వరి వేసింది. చేను పొట్ట మీదుంది. ఇప్పుడు నీళ్ళందకపోతే వచ్చే వెన్ను తెల్లగా వస్తుంది, గింజ పట్టదు. గింజ లేని గడ్డిని గేదెలు తింటాయి గానీ, భూమి గలాయన కౌలు కింద తీసుకోడు.

"బాబుగారూ, చేను నెర్రలిచ్చేసిందండి. నా కాలు దిగిపోతంది ఆ నెర్రల్లో. ఒక్క తడి ఇప్పించండి, ఇంకేం అడగను" అంది గుమ్మం దగ్గరే నిలబడి.

రాజుగారు ఆమెను చూసి ఎంతో ఆనందించారు. అప్పటి దాకా దేశం ఉంది, ప్రభుత్వం ఉంది, ప్రతిపక్షం కూడా ఉంది. ప్రజలే కొరవడ్డారు.

"పౌరురాలా, రండి! మీ సమస్యను సభ పరిశీలిస్తుంది. ముందుగా ఇది చెప్పండి. భూటాన్‌లో ప్రజల ఆనందాన్ని కొలుస్తారు. మన పాలనలో మీ ఆనందం పదికి ఎంత?"

"నీళ్ళిత్తే చెబుతానండి" అంది రాఘవమ్మ. నివేదికలో 'పౌరులు ఆశాభావంతో ఉన్నారు' అని రాయించారు.

'కొసపాలెం తడి బిల్లు' సభలో ప్రవేశపెట్టారు. మొదటి పఠనం అంటే బిల్లు పేరు చదవడం. రెండో పఠనం అంటే చర్చ. రాఘవమ్మ అదంతా గోడవారన గొంతుకూర్చుని వింది. మధ్యలో ఒకసారి, "చదవడం అయిపోయిందాండి? దావీదు బాబు బయల్దేరతాడాండి?" అని అడిగితే, సందర్శకులు మాట్లాడకూడదని స్పీకరు గారు స్టాంపు కొట్టారు.

నేను లేచాను. నాకు రాఘవమ్మ మీద జాలే. కానీ ప్రతిపక్షం వ్యతిరేకించకపోతే అది ప్రతిపక్షం ఎలా అవుతుంది? బిల్లుకు అడ్డుపడాలంటే ఏం చెయ్యాలో కూడా కరదీపికే చెప్పింది. అమెరికా సెనేటులో ఒక సభ్యుడు లేచి, కూర్చోకుండా, ఏదో ఒకటి మాట్లాడుతూ పోవచ్చునట. మాట ఆగనంత సేపూ బిల్లు కదలదు. నేను పొద్దున మొదలెట్టి కాలువల చరిత్ర చెప్పాను. అది అయిపోయాక మా పెద్దమేనత్త ఉలవచారు కాచే పద్ధతి చెప్పాను. ఉలవలు నానబెట్టేసరికి భోజనాల వేళయింది. చారు మరిగేసరికి ఆఫీసు మూసే వేళయింది. బిల్లు మురిగిపోయింది. జన్మలో మొదటిసారి రాజుగారు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. "ప్రజాస్వామ్యం బతికింది అనంతం!" అన్నారు, కళ్ళనీళ్ళతో.

రాఘవమ్మ కళ్ళలోనూ నీళ్ళున్నాయి. మెట్లు దిగుతూ నా దగ్గర ఆగి, "తమరు మావోళ్ళేగదండి, మా పక్కూరేగదండి, ఎందుకండలాగ అడ్డం పడ్డారు?" అంది.

"అమ్మా, నేను వ్యక్తిగతంగా మీ పక్షమే. సంస్థాగతంగా కాదు" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. పిచ్చివాళ్ళను జాతరలో చూసినట్టు చూసింది. నాకు కోపం కూడా రాలేదు.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ రోజు మేం అవిశ్వాస తీర్మానం పెట్టాం. ఎందుకని అడక్కండి. బిల్లు నెగ్గించుకోలేని ప్రభుత్వానికి కొనసాగే హక్కు లేదు, బిల్లును నెగ్గనివ్వనిది మేమే అయినా సరే. ఓటింగులో ఒక అటెండరు టీ తాగడానికి వెళ్ళిపోవడంతో ప్రభుత్వం పడిపోయింది. రాజుగారు హుందాగా తన సీటు లోంచి లేచి, రాజీనామా లేఖ రాసి, ఎవరికివ్వాలో తెలియక కొంతసేపు చేతిలో పట్టుకుని నిలబడి, చివరికి తన సొరుగులోనే పెట్టుకుని, ఆపద్ధర్మ ప్రధానిగా అదే సీట్లో కూర్చున్నారు.

"ఇప్పుడైనా ఇప్పించండి బాబూ, ఇయ్యాలకి చేలో గట్టెంబడి ఆకు చుట్టుకుపోయింది" అంది రాఘవమ్మ.

"ఆపద్ధర్మ ప్రభుత్వం విధాన నిర్ణయాలు తీసుకోకూడదమ్మా."

"షట్టరెత్తడం విధానమాండీ? ఇనప చక్రంగదండి అది."

"మీరు దిగులు పడకండి. బెల్జియంలో ఏడాదికి పైగా పూర్తి స్థాయి ప్రభుత్వమే లేదు. ఆ దేశానికి ఏమైంది? ఏమీ కాలేదు."

"ఆళ్ళకి వరి పండుద్దాండి?"

రాజుగారు కరదీపిక తిరగేశారు. అందులో ఆ వివరం లేదు.

తర్వాత ఎన్నికలు. ఎన్నికలన్నాక కోడ్. కోడ్ ఉండగా ఓటర్లకు ఏమన్నా ఇస్తే ప్రలోభపెట్టినట్టు. కొసపాలెం వాళ్ళు ఓటర్లు. నీళ్ళు వాళ్ళకిచ్చేవే. కాబట్టి అందరికీ నీళ్ళిస్తామని ఎంత గట్టిగానైనా చెప్పవచ్చు గానీ, ఒక్క చుక్క కూడా ఇవ్వకూడదు. పైపెచ్చు రాజుగారు చక్రం గుర్తు తీసుకోవడంతో షట్టరు చక్రం కూడా ప్రచారం కిందికే వచ్చింది. దావీదు దానికి గోనెపట్టా చుట్టి తాళ్ళతో బిగించాడు. కాలువ గట్టున అది ముసుగేసుకుని కూర్చున్న ముసలమ్మలా ఉండేది. దారినపోయేవాళ్ళు దణ్ణం కూడా పెట్టారు.

ఫలితాల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. కొత్త ప్రభుత్వం ఏర్పడేదాకా కోడ్ ఎత్తేది లేదన్నారు రాజుగారు. సంకీర్ణం కోసం చర్చలు మొదలయ్యాయి. ఫ్యాను కింద సీటు ఏ పార్టీకి దక్కాలన్న దగ్గర అవి తెగలేదు.

ఆ చర్చల మధ్యలో ఒక మధ్యాహ్నం రాజుగారు మాకు పాఠం చెబుతున్నారు. పక్షం నివేదికలో 'విదేశీ సంబంధాలు' అనే గడి ఖాళీగా ఉండిపోయిందని ఆయన బెంగ. "పరిపాలనలో అన్నీ సాధించాం. మనకంటూ ఒక్క విదేశమూ లేకపోయింది. నైలు చూడండి, డాన్యూబ్ చూడండి, మెకాంగ్ చూడండి. ఎన్నెన్ని దేశాల మీదుగా పారతాయి! పైదేశం నీళ్ళు బిగబడితే కిందిదేశం ఊరుకుంటుందా? మాట్లాడుకుంటారు. ఒప్పందం రాసుకుంటారు. ఒప్పందం ఉన్నాక ప్రభుత్వం పడిపోనీ, ఆపద్ధర్మమే కానీ, మాట తప్పడానికి వీల్లేదు. ప్రభుత్వాలు మారతాయి, అంతర్జాతీయ బాధ్యతలు మారవు!"

గోడవారన రాఘవమ్మ ఉంది. రోజూ వచ్చి కూర్చోవడం ఆమెకు అలవాటైపోయింది. ఇంట్లో ఉంటే చేను కనపడుతుందట, చూడలేక వచ్చేస్తోందట.

"మేం కూడా కిందోళ్ళమేగదండి బాబూ" అంది.

"మీరు కిందివాళ్ళే. కానీ మీరు మా ప్రజలు. ఇది విదేశాలకు మాత్రమే వర్తిస్తుంది."

"ఓహో" అంది రాఘవమ్మ. పమిట దులుపుకుని లేచింది. ఆఫీసు మూయకముందే ఆమె వెళ్ళిపోవడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు ముందు ట్రాక్టరు ఆగింది. ముందు ఒక కర్రకు కట్టిన పసుపు తుండుగుడ్డ. తొట్టిలో కొసపాలెం మొత్తం. ఆడా మగా ఉతికిన బట్టలు కట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. రాఘవమ్మ పట్టుచీర కట్టింది. దిగి, మెట్ల దగ్గరే నిలబడి, కబురు పంపింది. "పక్క దేశం నుంచి వచ్చామని చెప్పు దావీదు బాబూ. లోపలికి రమ్మంటేనే వత్తాం."

దావీదు లోపలికి పరుగెత్తుకొచ్చి చెప్పాడు. రాజుగారు ఎంత వేగంగా లేచారంటే కుర్చీ వెనక్కి పడింది. అయినా ఆయన నిబంధనలు తెలిసిన మనిషి. ఎవరు పడితే వాళ్ళు వచ్చి దేశమంటే గుర్తించేస్తామా? గుమ్మంలో నిలబడి పరీక్ష పెట్టారు.

"దేశమంటే భూభాగం ఉండాలి."

"ఉందండి. ఎండిపోయి ఉంది."

"జనాభా?"

"ట్రాక్టర్లో ఉన్నారండి. కోపంగా ఉన్నారు, సప్పున దింపకండి."

"ప్రభుత్వం?"

"రాత్రి మా రచ్చబండకాడ అందరూ నన్ను మాట్టాడమన్నారండి. నేనేనండి ప్రభుత్వం."

"రాజ్యాంగం?"

"రాసుకోలేదండి. అనుకున్నాం అంతే."

"బ్రిటన్ పద్ధతి!" అన్నారు రాజుగారు. "ఇతర దేశాలతో వ్యవహరించే సామర్థ్యం?"

"తమరితో ఇన్నాళ్ళు వేగానండి. ఇంక ఎవరితోనైనా వేగుతాను."

గుర్తించేశారు. ఆ పూట మా ఆఫీసు పనిచేసినట్టు అంతకు ముందెన్నడూ పనిచెయ్యలేదు. షామియానాల సప్లై కంపెనీ నుంచి ఎర్ర తివాచీ వచ్చింది. సాసర్లతో సహా కప్పులు బయటికొచ్చాయి. అధికారపక్షం, ప్రతిపక్షం ఒక్క మాట మీద నిలబడ్డాం, విదేశాంగ విధానంలో దేశమంతా ఒక్కటిగా ఉండాలి కదా. నేనే స్వయంగా జీడిపప్పు పకోడీ తెప్పించాను. నిన్నటిదాకా "పక్కకు జరుగమ్మా" అన్న అటెండరు "వేంచెయ్యండి" అని గొడుగు పట్టాడు. రాఘవమ్మ ఫ్యాను కింద కూర్చుంది. సంకీర్ణ చర్చల్లో తెగని ఆ సీటు అలా తెగింది.

"కోడ్ ఉందిగదండి?" అన్నారు సుభాషిణి గారు నెమ్మదిగా.

"కోడ్ ఓటర్లకు. వీరు ఓటర్లు కారు, విదేశీయులు."

"బిల్లు, మూడు పఠనాలు?"

"అవన్నీ మన ప్రజల కోసం పెట్టుకున్న ఏర్పాట్లు. పరాయి దేశాన్ని అలా నిలబెడతామా? మర్యాదగా ఉంటుందా?"

ఒప్పందం పకోడీలు చల్లారకముందే తయారైంది. పై తూములు మూసి, వంతు ప్రకారం కొసపాలేనికి నీళ్ళు వదలాలి, వంతు తప్పితే తూములపాడు దేశం క్షమాపణ చెప్పాలి. క్షమాపణ మాట రాఘవమ్మ పెట్టించింది. రాజుగారు సంతకం చేసి, "దావీదూ, ఎత్తరా!" అని వరండాలోంచి కేకేశారు. దావీదు గోనెపట్టా కొడవలితో కోసి చక్రం తిప్పాడు. ఆ సాయంత్రానికి కొసపాలెం బోదెల్లో నీళ్ళు పడ్డాయి. నేను చూడ్డానికి వెళ్ళాను. గట్టెంబడి కొంత చేను అప్పటికే తెల్లబోయింది, దానికిక ఏ దేశమూ ఏమీ చెయ్యలేదు. మిగిలిందంతా నీళ్ళు తాగుతోంది. నెర్రల్లోంచి బుడగలొస్తుంటే రాఘవమ్మ గట్టు మీద నిలబడి పైకే నవ్వింది. నాకు హాయిగా అనిపించింది, ఉలవచారు సంగతి ఆమె ఎత్తలేదు.

ఇలాంటి కబురు కాలువ కన్నా ముందు పారుతుంది. వారం తిరక్కుండా నడిమూరు వాళ్ళు ట్రాక్టరేసుకుని దిగారు, నీలం తుండుగుడ్డతో. ఆ వెనక గొల్లమెరక, ఆకుపచ్చది. అరటితోటల వాళ్ళు లుంగీ కట్టుకొచ్చారు కర్రకు, తుండుగుడ్డ దొరకలేదట. ప్రతి దేశాన్నీ రాజుగారు భూభాగం, జనాభా అడిగి గుర్తించారు. ప్రతివాళ్ళకూ పకోడీ పెట్టారు, నీళ్ళిచ్చారు. మా కాలువ పుట్టాక వంతులు అంత సక్రమంగా నడిచిన ఏడాది లేదని ముసలివాళ్ళు చెప్పుకున్నారు. చివరికి మా ఆయకట్టులో మా దేశపు ప్రజలంటూ ఒక్కడూ మిగల్లేదు.

ఫిర్యాదులు ఆగిపోయాయి. నివేదికలో ఫిర్యాదుల గడి సున్నా, విదేశీ సంబంధాల గడి నిండి పక్క కాగితం మీదికి పోయింది. అంత గొప్ప నివేదిక రాష్ట్రంలో ఎక్కణ్ణుంచీ రాలేదని విదేశాలు తిరిగొచ్చిన ఆ పెద్దాయనే స్వయంగా బహుమతి ఇవ్వడానికి వచ్చారు. షామియానా వేశాం. మైకు పెట్టాం. పెద్దాయన గంభీరంగా ఉపన్యసించారు. "ప్రజలు లేనిదే ప్రభుత్వం లేదు. ఈ ఆదర్శ కార్యాలయ పాలనలో సుఖించుచున్న సామాన్య పౌరుడొకరు వేదిక మీదికి వచ్చి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కోరుచున్నాను."

మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పౌరుడెక్కడున్నాడు? కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా విదేశీ ప్రతినిధులు. రాజుగారు చెమట తుడుచుకుని, "పౌరులంతా పొలం పనుల్లో తీరిక లేకుండా ఉన్నారండి. మన మిత్రదేశాధినేత మాట్లాడతారు" అని రాఘవమ్మను పిలిచారు.

రాఘవమ్మ మైకు ముందుకొచ్చింది. పెద్దాయనకు దణ్ణం పెట్టింది.

"ఈ ఆపీసోళ్ళు బంగారమండి. మాట ఇచ్చారంటే నిలబడతారు. అడక్కుండానే కుర్చీ ఏత్తారు, టీ ఇత్తారు. మాకు ఏ లోటూ సేయలేదండి. ఒక్కటేనండి, ఈళ్ళ సొంత మనుషులుగా మాత్రం ఉండకూడదండి. నేను చాన్నాళ్ళు ఉండి సూశాను."

పెద్దాయన అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు. విదేశాల నుంచి వచ్చిన ప్రశంస గనుక ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టుగా బోర్డు మీద రాయించి, రాష్ట్రంలోని ప్రతి ఆఫీసు గుమ్మానికీ కట్టవలసిందిగా ఆ సాయంత్రమే సర్క్యులర్ వేశారు.